ఫిర్మిన్ చెప్పిన ఆఖరి మాట

లూసియానా రాష్ట్రం, సెయింట్ అర్సేన్ పారిష్ అనే జిల్లా. 1867 ఏప్రిల్ తొమ్మిదో తేదీ, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలు. వివాహాల నమోదు కార్యాలయంలో, ప్రభుత్వ సైన్యపు లెఫ్టినెంట్ గారి ఎదుట, మా భాష, అంటే తోటల్లో మాట్లాడే ఫ్రెంచి, తెలిసిన గుమాస్తా రాసుకుంటుండగా చెప్పినది.

నా పేరు జెనోన్. ఇంటిపేరు బారిల్. ఈ ఇంటిపేరు రెండేళ్ళ కిందట వచ్చింది. బానిసత్వం పోయి స్వేచ్ఛ వచ్చినప్పుడు ఇంటిపేరు ఏమని రాయమంటావని అడిగితే నాకేమీ తోచలేదు, పీపాలు కడతానని చెప్పాను, మా భాషలో పీపాను బారిల్ అంటారు, అదే రాశారు. వయస్సు సుమారు అరవై. పుట్టిన తేదీ తెలియదు. వృత్తి పీపాలు కట్టడం. దువెర్నే దొర చెరకు తోటలో పుట్టాను, ఇప్పటికీ ఆ తోట వెనక పనివాళ్ళ గుడిసెల వరసలోనే ఉంటున్నాను. నన్ను ఎవరూ పట్టుకుని తీసుకురాలేదు. నా కాళ్ళతో నేనే వచ్చాను.

నేను చెప్పబోయేది 1829 జనవరిలో జరిగిన తిరుగుబాటు గురించి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు.

మా తోటకు పైన, నది వెంబడి ఒకటిన్నర మైలు దూరంలో లాక్రోయ్ దొర తోట ఉండేది. అక్కడ ఎద్దుబండి తోలేవాడు ఫిర్మిన్. నా కన్నా నాలుగైదేళ్ళు పెద్ద. అడవి నుంచి పీపాలకు కావలసిన కలప తెచ్చి నా కొట్టం ముందు దింపేవాడు, తయారైన పీపాలు రేవుకు తీసుకెళ్ళేవాడు. వారానికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అని నవ్వించేవాడు. "తమ్ముడూ, నీ పీపాలో చీమ కూడా దూరదు గానీ, నీ నోట్లోంచి ఒక్క రహస్యం కూడా బయటికి పోకుండా ఉండదు కదరా" అనేవాడు. నేను అప్పట్లో బాగా మాట్లాడేవాడిని.

అతని భార్య మార్సెలిన్. లాక్రోయ్ తోటలోనే చెరకు కొట్టేది. ఆ జనవరికి వాళ్ళకు మూడు నెలల ఆడపిల్ల. పేరు ఒడీల్.

తిరుగుబాటు నడిపింది మాతురిన్. మా తోటలో చక్కెర వండే మేస్త్రి. చేతుల నిండా పాకం పడి కాలిన మచ్చలు. ఆయన క్రిస్మస్ ముందు నుంచే ఒక్కొక్కరితో మాట్లాడుతున్నాడు. నాతో డిసెంబరు ఇరవయ్యో తేదీ ప్రాంతంలో మాట్లాడాడు. నేను వెంటనే సరేనన్నాను. అంతటితో ఆగలేదు. ఫిర్మిన్‌తో నేనే మాట్లాడతానని ముందుకు వచ్చాను.

ఫిర్మిన్‌కు ఇష్టం లేదు. ఈ సంగతి స్పష్టంగా రాయండి. అతనికి ఇష్టం లేదు. పలకలు దింపుతూ, "మన దగ్గర ఏమున్నాయిరా? చెరకు కత్తులు. వాళ్ళ దగ్గర తుపాకులు. నాకు పసిపిల్ల ఉంది" అన్నాడు.

నేను, "అందరూ మనుషుల్లా బతకడానికి వెళ్తుంటే నువ్వు ఎద్దుల తోకలు పట్టుకుని వెనకాల నిలబడతావా అన్నా? రేపు నీ కూతురు పెద్దదై, నాన్నా ఆ రోజు నువ్వెక్కడున్నావని అడిగితే ఏం చెబుతావు?" అన్నాను.

అతను ఎద్దు మెడ మీద జోరీగ వాలితే తోలాడు. తర్వాత, "నువ్వు నా పక్కనే ఉంటావా?" అని అడిగాడు. ఉంటానన్నాను.

జనవరి పన్నెండు, సోమవారం. తెల్లవారి పని గంట కొట్టకముందే చక్కెర కొట్టం ముందు చేరాము. మా తోట వాళ్ళం నలభై మంది. పెత్తందారు ఎబేర్ అనే తెల్లవాడు, ఎందుకు గుమిగూడారని అరుస్తూ కొరడాతో వచ్చాడు. మాతురిన్ గొడ్డలితో కొట్టాడు. ఒక్కసారే కొట్టాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఫిర్మిన్ అక్కడ లేడు. అప్పటికి లాక్రోయ్ తోట వాళ్ళింకా రాలేదు. వాళ్ళు గంట తర్వాత ఏటికట్ట మీద కలిశారు. ఎబేర్ చనిపోయినప్పుడు ఫిర్మిన్ ఒకటిన్నర మైలు దూరంలో ఉన్నాడు.

ఆ రోజంతా కట్ట మీద నగరం వైపు నడిచాము. తోట తోటకూ మనుషులు కలిసి సాయంత్రానికి నూట ఇరవై మంది దాకా అయ్యాము. పన్నెండు తుపాకులు ఉన్నాయి. మిగిలినవన్నీ చెరకు కత్తులు, పారలు. నా దగ్గర పలకలు చెక్కే గొడ్డలి ఉంది. ఫిర్మిన్ నా పక్కనే నడిచాడు, ఎడమ చేతిలో కత్తి పట్టుకుని. అతనిది ఎడమ చేతి వాటం. కొంతమంది పాడారు. నేనూ పాడాను. అంత సంతోషంగా నేను అంతకు ముందు లేను, తర్వాతా లేను. ఇది చెప్పడం తప్పయితే కొట్టేయండి.

మరునాడు మంగళవారం మధ్యాహ్నం, వీలెర్ దొర తోట దాటాక, కట్ట మలుపు దగ్గర దొరల పటాలం ఎదురైంది. గుర్రాల మీద ఎనభై మంది. వెనక నుంచి ఇంకో గుంపు వచ్చింది. మొదటిసారి కాల్చినప్పుడు నా ముందున్న ఇద్దరు పడ్డారు. మాతురిన్ "నిలబడండి, నిలబడండి" అని అరిచాడు. ఫిర్మిన్ నిలబడ్డాడు. నేను నిలబడలేదు.

కట్ట దిగి చెరకు తోటలోకి పరిగెత్తాను. ఒక్కసారి వెనక్కి చూశాను. ఫిర్మిన్ భుజం పట్టుకుని కాలువ పక్కకు పడిపోతున్నాడు. నా పేరు పెట్టి పిలిచాడని నా అనుమానం. తుపాకుల మోతలో సరిగా వినపడలేదు. వినపడలేదని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను.

బుధవారం ఉదయం దాకా చెరకులో పడుకుని, వెలుగు వచ్చాక ఏటి ఒడ్డు పట్టుకుని వెనక్కి నడిచాను. దారిలో మా వాళ్ళ శవాలు చూశాను. మాతురిన్‌ది చూశాను, అతనితో కలిపి నాకు తెలిసినవాళ్ళు ఆరుగురివి చూశాను. ఫిర్మిన్‌ది చూడలేదు. కాలువ దగ్గరికి వెళ్ళలేదు. మధ్యాహ్నానికల్లా నా కొట్టంలో కూర్చుని ఇనుప పట్టీలు బిగిస్తున్నాను. దువెర్నే దొర గుర్రం మీద వచ్చి నన్ను చూసి, "నువ్విక్కడే ఉన్నావా జెనోన్?" అన్నాడు. "ఎక్కడికి పోతాను దొరా?" అన్నాను.

గురువారం పదిహేనో తేదీన విచారణ మొదలైంది. వీలెర్ దొర పెద్దింట్లో, భోజనాల గదిలో. పారిష్ జడ్జి, ఆయన పక్కన తోటల దొరలు అయిదుగురు. తలుపులు మూసి ఒక్కొక్కరినే పిలిచారు. ఎవరు ఏం చెప్పారో బయటికి తెలియకూడదని కట్టడి. పిలవకముందు దువెర్నే దొర వరండాలో నన్ను పక్కకు తీసుకెళ్ళి ఇలా అన్నాడు: "నువ్వు నాకు కావలసిన పనివాడివి. పేర్లు చెబితే ఇంటికి వెళ్తావు. ఒక్క అబద్ధం దొరికిందా, నువ్వు చెప్పినవన్నీ అబద్ధాలే అనుకుంటారు. అప్పుడు నేను కూడా ఏమీ చెయ్యలేను."

నేను తెలివిగా ఆలోచించానని అనుకున్నాను. చచ్చిపోయినవాళ్ళ పేర్లే చెబుదాం, వాళ్ళకు ఇక జరిగేది ఏముంది అనుకున్నాను. ఎబేర్‌ను చంపినప్పుడు ఎవరెవరు ఉన్నారని జడ్జి అడిగాడు. మాతురిన్ పేరు చెప్పాను. మిగిలిన అయిదుగురి పేర్లు చెప్పాను. ఆ ఆరుగురినీ శవాలుగా నా కళ్ళతో చూశాను. అక్కడ ఆపితే సరిపోయేది.

జడ్జి "ఇంకా?" అన్నాడు.

ఆ గదిలో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక దొర కమలాపండు ఒలుస్తున్నాడు. తొక్క తెగకుండా ఒకే తీగలాగా ఒలుస్తున్నాడు. అది ఎప్పుడు తెగుతుందా అని నేను చూస్తున్నాను.

"ఇంకా?" అన్నాడు జడ్జి మళ్ళీ.

"ఫిర్మిన్" అన్నాను. "లాక్రోయ్ దొర తోటలో బండి తోలేవాడు."

అతని శవం నేను చూడలేదు. చూడలేదని నాకు తెలుసు.

అదే రోజు మధ్యాహ్నం నాకు పని పురమాయించారు. గట్టి కలపతో పది అడుగుల కర్రలు పదకొండు చెయ్యమన్నారు, ఒక చివర మొనదేలేట్టు. ఎందుకో చెప్పలేదు. చెప్పనక్కర లేదు. చనిపోయినవాళ్ళ తలలు కట్ట పొడుగునా నిలబెట్టడానికి. నేను చేశాను. బెరడు తీసి చిత్రిక పట్టాను. చేతికి పేళ్ళు గుచ్చుకోకుండా నునుపు చేశాను. కొత్తగా వచ్చిన పెత్తందారు చూసి నవ్వి, "దీన్ని ఎవడు చేత్తో పట్టుకుంటాడని ఇంత నునుపు చేస్తున్నావురా?" అన్నాడు. నాకు పని అలవాటు. పలక చేతిలోకి వస్తే చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. కర్రలు నేనే చేశానని నది వెంబడి అందరికీ తెలుసు. ఆ పనికి నన్ను ఎవరూ ఏమీ అనలేదు. చెయ్యమంటే చేశాడు అన్నారు.

ఆ సాయంత్రం ఫిర్మిన్ తిరిగి వచ్చాడు.

భుజానికి గుండు రాసుకుపోయింది, అంతే. చిత్తడి అడవిలోకి పాకి రెండు రోజులు దాక్కున్నాడు. లాక్రోయ్ దొర ఎద్దులు రెండు సోమవారం గొడవకు బెదిరి తెంచుకుని ఆ అడవిలోనే తిరుగుతున్నాయి. వాటిని పట్టుకుని తోలుకుంటూ గురువారం సాయంత్రం తోటకు చేరాడు. ఎద్దుల కోసం వెళ్ళానని, కొమ్మ గుచ్చుకుందని చెప్పాడు. లాక్రోయ్ దొర నమ్మాడు. నమ్మి, ఎద్దులు తెచ్చినందుకు ఒక గ్లాసు రమ్ము ఇప్పించాడు. అతన్ని తిరుగుబాటులో చూశామని అప్పటికి ఎవరూ చెప్పలేదు, నేను తప్ప. శుక్రవారం పొద్దున పటాలం వాళ్ళు వచ్చి, మార్సెలిన్ ముందే కట్టి తీసుకెళ్ళారు.

శుక్రవారం పదహారో తేదీ పది గంటలకు నన్ను మళ్ళీ పిలిచారు. అదే గది. ఫిర్మిన్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. నేను లోపలికి వెళ్ళగానే నన్ను చూశాడు. అతని ముఖంలో మొదట సంతోషం కనిపించింది. నేను బతికే ఉన్నానని. ఆ తర్వాత నన్నెందుకు పిలిచారో అతనికి అర్థమైంది.

ఇప్పుడు చెప్పేది అందరికన్నా ముందు మార్సెలిన్‌కు తెలియవలసిన సంగతి. ముప్పై ఎనిమిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

జడ్జి నాకు తప్పుకునే దారి ఇచ్చాడు. ఆయన కూడా తోట ఉన్న దొరే, కానీ కాగితాల మనిషి, అన్నీ సరిగ్గా ఉండాలనుకునే మనిషి. "ఈ ఏటి ఒడ్డున ఫిర్మిన్ అనే పేరుగలవాళ్ళు ముగ్గురున్నారు. అందులో ఒకడు కట్ట మీద చచ్చి పడి ఉన్నాడు. నువ్వు నిన్న చెప్పింది వాడి గురించా, ఇతని గురించా? తొందర లేదు. బాగా చూసి చెప్పు" అన్నాడు.

వాడి గురించే అని ఒక్క మాట అంటే చాలు. బండి తోలేవాడని పొరబాటున అన్నాను దొరా అంటే చాలు. దువెర్నే దొర నా వెనక నిలబడి ఉన్నాడు. ఆయన ఏమీ అనలేదు. నన్ను ముట్టుకోలేదు. ఆయన బూట్లు కిర్రుమన్నాయి, అంతే.

"ఇతనే" అన్నాను.

"ఎబేర్‌ను చంపిన చోట ఉన్నాడా?"

"ఉన్నాడు."

అప్పుడు జడ్జి ఫిర్మిన్ వైపు తిరిగి, "నీతో ఇంకెవరున్నారో చెప్పు. ఈ పీపాలవాడు మీతో వచ్చాడా?" అని అడిగాడు.

ఫిర్మిన్ నన్ను చాలాసేపు చూశాడు. ఒక్క కంటితో చూశాడు. అతను ఒక్క మాట అంటే నేనూ ఆ గోడ పక్కకే వెళ్ళేవాడిని. అది అతనికి తెలుసు, నాకు తెలుసు. అతను నవ్వాడు. పై పళ్ళ మధ్య సందు ఉండేది అతనికి, అది కనపడింది. "వీడా?" అన్నాడు. "వీడికి పీపాలు తప్ప ఏం తెలుసు దొరా? వీడు పిరికివాడు. ఇలాంటివాణ్ణి మేము వెంట తీసుకెళ్తామా? దారిలో వీణ్ణి నేను చూడలేదు."

అతని మాటల్లో ఆఖరిదని చెప్పదగినది అదే. శిక్ష చదివినప్పుడు ఏమైనా చెప్పుకుంటావా అంటే లేదన్నాడు.

నన్ను ఇంటికి పంపారు. మధ్యాహ్నం రెండు గంటలకు కొత్త పెత్తందారు నా కొట్టానికి వచ్చి, "ఇంకొకటి కావాలి" అన్నాడు. పన్నెండోది. అది ఎవరి కోసమో నాకు తెలుసు. దాన్నీ నునుపు చేశాను.

శనివారం పదిహేడో తేదీ ఉదయం, లాక్రోయ్ తోట ముందు కట్ట మీద, ఆ తోట వాళ్ళందరినీ నిలబెట్టి ఫిర్మిన్‌ను కాల్చారు. మార్సెలిన్ చంకలో పిల్లతో ముందు వరసలో ఉంది. అతను ఏదో అనబోయాడని, డోలు వాయించి వినపడనివ్వలేదని ఆవిడ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. నేను అక్కడికి వెళ్ళలేదు. డోలు మా తోట దాకా వినపడింది.

ఆ తర్వాత నది వెంబడి అంతా మారిపోయింది. ఇద్దరు కలిసి నిలబడితే కొరడా. ఆదివారం పాటలు లేవు. సాయంత్రం కాగానే నా గొడ్డలి, నా కత్తులు పెట్టెలో పెట్టి తాళం వేసుకుపోయేవారు. అంతకన్నా ఘోరమైనది ఇంకొకటి. ఎవరు ఎవరి పేరు చెప్పారో ఎవరికీ తెలియదు. మనిషి మనిషిని అనుమానంగా చూసేవాడు. బావి దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుతూ ఎవరైనా వస్తే ఆపేసేవారు. విచారణకు వెళ్ళి వచ్చిన మా తోట వాళ్ళు నలుగురిని దొర ఏడాది తిరగకుండా అమ్మేశాడు. జనం వాళ్ళే చెప్పి ఉంటారని అనుకున్నారు. నేను అలా కాదని అనలేదు. ఆ నలుగురూ చెప్పారో లేదో నాకు తెలియదు. నన్ను మాత్రం అమ్మలేదు. నాకు ఒక నీలం కోటు ఇచ్చారు. బాగా పని చేసినందుకని అందరికీ చెప్పారు. పదకొండు చలికాలాలు వేసుకున్నాను. వేరే కోటు లేదు.

1835లో లాక్రోయ్ దొర చనిపోతే తోట దువెర్నే దొర కిందికి వచ్చింది, మనుషులతో సహా. మార్సెలిన్, ఏడేళ్ళ ఒడీల్ మా వరసలోకి వచ్చారు. ఆవిడ నన్ను ఫిర్మిన్ స్నేహితుడిగా ఎరుగును. నేను అడగకుండానే ఆవిడకు బట్టలు ఉతుక్కునే తొట్టి ఒకటి కట్టి ఇచ్చాను. ఆవిడ దాన్ని మంచితనం అనుకుంది. తర్వాత కట్టెలు కొట్టి పెట్టాను. ఇంటి పైకప్పు బాగు చేశాను. ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఏమయ్యా, నీకు సొంత పని లేదా?" అనేది. నేను ఏమనగలను? ఒకరోజు, "ఆయన గురించి మాట్లాడుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు? లోపలికి వచ్చి కూర్చో" అంది. వెళ్ళి కూర్చున్నాను.

అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. ఆ మరుసటి రోజు చెబుదామనుకున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు కలిసి ఉన్నాము. మాకు ఇద్దరు కొడుకులు పుట్టారు. ఒకడు మాకు స్వేచ్ఛ తెచ్చిన ఉత్తరాది సైన్యంలో చేరి పోర్ట్ హడ్సన్ కోట దగ్గర యుద్ధంలో చనిపోయాడు. వాడు వెళ్తూ, "నాన్నా, నీకు భయంగా లేదా?" అని నన్ను అడిగాడు. ఒడీల్ నన్ను మొదటి రోజు నుంచి నాన్నా అనే పిలిచింది. ఆ నీలం కోటు మోచేయి చిరిగితే మార్సెలినే అతుకు వేసి కుట్టింది.

మొన్న మార్చిలో చర్చిలో చెప్పారు, బానిసత్వంలో కాగితం లేకుండా జరిగిన పాత పెళ్ళిళ్ళన్నీ ప్రభుత్వం పుస్తకంలో రాస్తుందని. మార్సెలిన్ తొందరపెట్టింది. "చచ్చేలోపు ఒక్కసారైనా కాగితం మీద నీ భార్యను అనిపించుకోనీ" అంది. ఏప్రిల్ ఆరో తేదీ శనివారం పదకొండు గంటలకు ఈ కార్యాలయానికే వచ్చాము. ఈ గుమాస్తా గారే ఆవిణ్ణి, మునుపటి భర్త ఎవరు, ఎలా పోయాడు అని అడిగారు. ఆవిడ చెప్పింది. "ఆయన ఎవరినీ చంపలేదు. ఎవడో పేరు చెప్పాడు. వాడెవడో ఈ రోజుకూ తెలియదు. తెలిస్తే వాడి ముఖం ఒక్కసారి చూడాలని ఉంది" అంది. తర్వాత నన్ను గుర్తు పెట్టమన్నారు. కలం చేతికి ఇచ్చారు. చెయ్యి నొప్పిగా ఉందని, సోమవారం వస్తామని చెప్పి బయటికి వచ్చేశాను. దారిలో ఆవిడ నా చెయ్యి ఒత్తుతూ నడిచింది.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడికిస్తుండగా చెప్పాను. నిలబడే చెప్పాను.

"నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను.

"మళ్ళీ చెప్పు" అంది.

మూడోసారి చెప్పాక గరిటె కింద పెట్టింది. "ఆయన నిన్ను చూశాడా?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

అతను అన్నది అన్నట్టుగా చెప్పాను. నవ్వాడని కూడా చెప్పాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను. కుండ మాడకుండా పొయ్యి మీద నుంచి దించి మూత పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండా అంది.

"ఆయన్ని చంపించావు. భయపడ్డావు. దొర వెనక నిలబడితే నేనైనా ఏం చేసేదాన్నో నాకు తెలియదు. కానీ ఆయన ఆఖరున అన్న మాట నీ దగ్గర ఉంది. ఆ డోలు చప్పుడులో ఆయన ఏమనబోయాడో అని ఇన్నేళ్ళు నీ పక్కనే పడుకుని ఏడ్చాను. నువ్వు నా వీపు నిమిరావు. ఆ మాట ఎందుకు దాచావయ్యా? అది నీది కాదు. నాది."

నేను పొయ్యిలో కట్టె వెనక్కి లాగి మంట తగ్గించాను.

"కోపంతో అన్నాడా, నిన్ను కాపాడాలని అన్నాడా?" అని అడిగింది.

"తెలియదు" అన్నాను. తెలియదు అయ్యా. పిరికివాడు అన్నాడు. చూడలేదు అన్నాడు. ఒకటి నిజం, ఒకటి అబద్ధం. రెండూ ఒక్క ఊపిరిలో అన్నాడు.

ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని, "వాళ్ళ కోర్టు కాగితంలో ఆయన హంతకుడని ఉంది. అడిగినవాళ్ళకల్లా చదివి వినిపిస్తారు. దాని పక్కన నీ కాగితం ఉండాలి. వెళ్ళి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు, ఒక్క ముక్క తగ్గించకు" అని ఒడీల్ ఇంటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

అందుకని వచ్చాను. ఫిర్మిన్ ఎబేర్‌ను చంపలేదు, చంపిన చోట లేడు. లేని మనిషిని ఉన్నాడని నేను చెప్పాను. నేను ఉన్నాను. అతన్ని తిరుగుబాటుకు రమ్మన్నదీ, వదిలి పరిగెత్తినదీ, పేరు చెప్పినదీ నేనే. నాకు శిక్ష ఉంటే వెయ్యండి. ఇంత పాతదానికి శిక్ష లేదని లెఫ్టినెంట్ గారు అంటున్నారు. ఉందేమోనని వచ్చాను.

మీ పుస్తకంలో ఫిర్మిన్, మార్సెలిన్ భార్యాభర్తలని రాయండి. చనిపోయిన భర్త పేరు కూడా రాయవచ్చని గుమాస్తా గారు చెప్పారు. ఒడీల్ వాళ్ళ కూతురని రాయండి. మార్సెలిన్ పేరు పక్కన నా పేరు రాయమని నేను అడగను. అది ఆవిడ వచ్చి చెప్పవలసినది.

ఇంకొకటి ఉంది. నిన్న సోమవారం పొద్దున ఏడు గంటలకు ఒడీల్ నా కొట్టం దగ్గరికి వచ్చింది. నా బట్టలు మూటగట్టి తెచ్చింది. గుమ్మం బయటే నిలబడి, "జెనోన్, ఇవి నీవి" అంది. నా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. దానికి ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు, మనవలు కూడా పుట్టబోతున్నారు. మూట కింద పెట్టి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు.

"ఆయన ఎలా ఉండేవాడు?" అని అడిగింది. "అమ్మ చెప్పేది కాదు. అమ్మకు అన్నీ మంచివే గుర్తుంటాయి. నువ్వు చెప్పు."

పొడుగు మనిషి అని చెప్పాను. ఎడమ చేతి వాటమని, పళ్ళ మధ్య సందని, ఎద్దులను అదిలించేటప్పుడు నాలుకతో ఒక చప్పుడు చేసేవాడని చెప్పాను. ఆ చప్పుడు చేసి చూపించమంది. చేశాను. కోపం వస్తే మాట్లాడడం మానేసేవాడని, పాట పాడితే అసలు కుదిరేది కాదని, అయినా పాడేవాడని చెప్పాను. అది తల వంచుకుని వింది. "ఇంకా?" అంది. ఇంకేమీ తోచడం లేదన్నాను.

"రేపు సాయంత్రం మళ్ళీ వస్తాను" అంది. "ఇంకా గుర్తు తెచ్చుకుని ఉంచు."

ఈ సాయంత్రమే వస్తుంది. నేను త్వరగా వెళ్ళాలి.

పైన రాసినది మా భాషలో నాకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. ఒకచోట 'భయం వల్ల చెప్పి ఉండవచ్చు' అని ఉంటే, నేను అలా అనలేదని ఆ వాక్యమే తీయించాను. దొర నన్ను కొట్టలేదు, ముట్టుకోలేదు అన్నది మాత్రం ఉంచమన్నాను. మిగిలినది నేను చెప్పినది చెప్పినట్టే ఉంది. ఇది నిజం. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు, ఏమీ ఇస్తామనలేదు. నాకు రాయడం రాదు గనుక నా గుర్తు పెడుతున్నాను. చెయ్యి నొప్పి లేదు.

జెనోన్ బారిల్, అతని గుర్తు: ×